మొదటి రోజు కొలత ఎక్కడ?

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ పత్రికలో ఒక భవనం గురించి వార్త వచ్చింది. కట్టి నాలుగేళ్లు కాలేదు, స్లాబు మధ్యలో కుంగింది, గోడలు బీటలు వారాయి, తలుపులు పట్టేస్తున్నాయి అని రాశారు. పక్కన ఫోటో, ఫోటో కింద 'నాసిరకం' అనే ఒకే ఒక్క మాట. వార్త చివరి పేరాలో కట్టినవారి వివరణ కూడా ఒక్క మాటే: 'సహజం'. చదివి ముందు నవ్వు వచ్చింది, తర్వాత కోపం వచ్చింది. వార్తను రెండుసార్లు వెతికాను. స్లాబు ఎన్ని మిల్లీమీటర్లు కుంగిందో లేదు. ఏ రోజు నుంచి లెక్కపెడుతున్నారో లేదు. తిట్టినవారి చేతిలోనూ, సమర్థించుకున్నవారి చేతిలోనూ ఒక్క అంకె లేదు.

నేను ఇంజనీరును కాను. కాంక్రీటును పరీక్షించే ప్రయోగశాలలో ముప్పై ఒక్క ఏళ్లు సహాయకురాలిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. ఇంజనీర్లు వచ్చారు, బదిలీ మీద వెళ్లారు, పెద్ద పదవులకు ఎక్కారు. డయల్ ముల్లు చూసి పుస్తకంలో అంకె వేసే పని మాత్రం నాకే మిగిలింది. కాబట్టి ఈ ఉత్తరంలో సిద్ధాంతం తక్కువ, ముల్లు చెప్పిన సంగతులు ఎక్కువ ఉంటాయి.

కాంక్రీటు 28 రోజులకు గట్టిపడి ఆ తర్వాత రాయిలా ఉండిపోతుందని చాలామంది అనుకుంటారు. ఆ నమ్మకానికి మా ప్రయోగశాలే కొంత కారణం. 28వ రోజున, అదే కాంక్రీటుతో పోసి ఉంచిన క్యూబును యంత్రంలో పెట్టి నలగ్గొడతారు, వచ్చిన అంకె కాగితం మీదికి ఎక్కుతుంది, ఫైలు మూతపడుతుంది. కానీ అది బలం గురించిన అంకె. కదలిక గురించి అందులో ఒక్క ముక్క లేదు. క్యూబు పరీక్షలో చక్కగా నెగ్గిన కాంక్రీటు కూడా తన మీద బరువు ఉన్నంతకాలం, తనలో నీరు ఎండుతున్నంతకాలం కదులుతూనే ఉంటుంది. బరువు కింద నెమ్మదిగా అణిగిపోవడాన్ని క్రీప్ అంటారు. ఏ బరువూ లేకపోయినా ఎండి ముడుచుకోవడాన్ని ష్రింకేజీ అంటారు. మీ ఫోటోలోని స్లాబులో ఈ రెండూ ఉన్నాయని చూడకుండానే చెప్పగలను, ఎందుకంటే ఇవి లేని స్లాబు ఎక్కడా లేదు. ఎంత ఉన్నాయన్నదే ప్రశ్న.

మాకు ఒక గది ఉండేది. కిటికీలు లేవు. ఏడాది పొడవునా 23 డిగ్రీల వేడి, గాలిలో 50 శాతం తేమ. వరసగా ఇనుప చట్రాలు, ఒక్కో చట్రంలో అడుగున లావుపాటి స్ప్రింగులు, వాటి మీద నిలబెట్టిన కాంక్రీటు సిలిండర్లు. పదిహేను సెంటీమీటర్ల వ్యాసం, ముప్పై సెంటీమీటర్ల ఎత్తు. జాకీతో నొక్కి నట్లు బిగించేవాళ్లం, సిలిండరు పగిలే బరువులో 40 శాతం దాటకుండా. పక్కనే బల్ల మీద అదే మిశ్రమంతో అదే పూట పోసిన ఇంకో సిలిండరు ఏ బరువూ లేకుండా కూర్చునేది. చట్రంలో ఉన్నదాన్ని అక్క అనీ, బల్ల మీద ఉన్నదాన్ని చెల్లెలు అనీ పిలిచేవాళ్లం. అక్క ఎంత కురచ అయిందో కొలిచి, అందులోంచి చెల్లెలు కురచ అయినంతా తీసేసి, బరువు పెట్టిన క్షణాన టక్కున జరిగిన అణగడాన్ని కూడా తీసేస్తే మిగిలేది క్రీప్. చెల్లెలిది పూర్తిగా ష్రింకేజీ. మూడోదాన్ని నీరు బయటికి పోకుండా అల్యూమినియం రేకు చుట్టి మూసేసి, అక్కలాగే బరువు కింద పెట్టేవాళ్లం. చిత్రం ఏమిటంటే, బరువు మోస్తూ ఎండే అక్క, టక్కున అణిగినది పోను, కురచ అయ్యేది ఆ మూడోదాని క్రీప్‌నూ చెల్లెలి ష్రింకేజీనీ కలిపిన దానికంటే ఎక్కువ. పికెట్ అనే ఆయన 1942లోనే ఈ సంగతి గమనించి రాశారు. ఆయన పేరు నేను విన్నది ఉద్యోగంలో చేరిన పదకొండో ఏట. అంతవరకూ నా కూడికలోనే తప్పు ఉందనుకుని మళ్లీ మళ్లీ లెక్క చూసుకునేదాన్ని.

కొలత ఎలా తీస్తామో చెప్పాలి, ఎందుకంటే నా ఫిర్యాదంతా కొలత గురించే. సిలిండరు పక్కన ఒకదాని కింద ఒకటిగా రెండు చిన్న లోహపు బిళ్లలు, ఇరవై సెంటీమీటర్ల ఎడంలో అతికించి ఉంటాయి. ఆ ఎడాన్ని కొలిచే డయల్ గేజికి రెండు మొనలు. ముందు ఆ మొనలను ఇన్వార్ కడ్డీ మీద ఆనించి చూడాలి. ఇన్వార్ అంటే వేడికి దాదాపు వ్యాకోచించని మిశ్రమ లోహం. గేజి అబద్ధం చెబుతోందో లేదో అది పట్టిస్తుంది. తర్వాత బిళ్లల గుంటల్లో మొనలు ఆనించాలి. ఊపిరి బిగపట్టి, చెయ్యి వణక్కుండా, ప్రతిసారీ ఒకే ఒత్తిడితో. తల వెంట్రుక మందంలో ముప్పయ్యో నలభయ్యో వంతు కదిలినా ముల్లు చెప్పేస్తుంది. బరువు పెట్టిన వెంటనే ఒకసారి, కొన్ని గంటల తర్వాత ఒకసారి, వారం రోజులు రోజూ, నెలాఖరు దాకా వారానికోసారి, ఏడాది దాకా నెలకోసారి. ఆ తర్వాత ఓపిక ఉన్నవాళ్లు ఉన్నంతకాలం.

ఒకసారి కొత్తగా చేరిన కుర్రవాడు సిలిండరు మీద బరువు ఎక్కించి, మొదటి కొలత తీయకుండా ఎవరో పిలిస్తే బయటికి వెళ్లాడు. తిరిగి వచ్చి నలభై నిమిషాలు ఆలస్యంగా తీశాడు. నిజాయితీపరుడు, పుస్తకంలో అసలు సమయమే రాశాడు. ఆ సిలిండరును ఆరేళ్లు కొలిచాం. ఆరేళ్ల అంకెల్లో ఒక్క తప్పు లేదు. అయితే టక్కున జరిగినది ఎంత, ఆ నలభై నిమిషాల్లో నెమ్మదిగా జరిగినది ఎంత అని విడదీయడానికి దారి లేకపోయింది. చివరికి దాన్ని పట్టికలోంచి తీసేశారు. అంత ఓపికగా తీసిన అంకెలకు ఆనుకోవడానికి గోడ లేకుండా పోయింది. మీ వార్తలోని భవనానికి జరిగింది సరిగ్గా ఇదే, కాకపోతే అక్కడ ఆలస్యం నలభై నిమిషాలు కాదు, నాలుగేళ్లు.

అంకెల తీరు ఎలా ఉంటుందో కూడా పాఠకులకు తెలియాలి. రోజులను ఒకటి, పది, వంద, వెయ్యి అని సమాన దూరాల్లో గుర్తులు వేసే గ్రాఫు కాగితం ఒకటి ఉంటుంది. దాని మీద క్రీప్ గీత కొన్నాళ్లకు ఇంచుమించు తిన్నగా సాగుతుంది. వంద రోజుల నుంచి వెయ్యి రోజుల మధ్య ఎంత జరిగిందో, వెయ్యి నుంచి పదివేల రోజుల మధ్య కూడా దాదాపు అంత జరుగుతుందన్నమాట. పదివేల రోజులంటే ఇరవై ఏడేళ్లు. రోజూ చూసేవాడికి ఆగిపోయినట్టు కనిపిస్తుంది, దశాబ్దం గడిపి చూసేవాడికి ఆగలేదని తెలుస్తుంది. ట్రాక్సెల్, రాఫెల్, డేవిస్ అనే ముగ్గురు అమెరికన్లు ఏళ్ల తరబడి కొలిచి 1958లో ప్రచురించారు. వారి సగటు లెక్క ఇలా ఉంది: ఇరవై ఏళ్లలో జరిగే క్రీప్‌లో పావు వంతు మొదటి రెండు వారాల్లోనే అయిపోతుంది, మూడు నెలలకు సగం దాటుతుంది, ఏడాదికి ముప్పావు వంతు. మిగిలిన పావు కోసం పందొమ్మిదేళ్లు ఎదురుచూడాలి. ఎవరైనా మూడో నెలలో వచ్చి మొదటి కొలత తీస్తే, సగం కథ అప్పటికే అయిపోయి ఉంటుంది.

ఇదంతా ఎందుకు జరుగుతుందంటే, నీరు. సిమెంటుతో రసాయనికంగా కలిసిపోవడానికి కావలసిన నీరు సిమెంటు బరువులో దాదాపు పావు వంతే. పోయడానికి వీలుగా జారాలి కనుక దానికి రెట్టింపు దాకా కలుపుతారు. మేస్త్రీ ఇంకో బకెట్ పోస్తే పని ఇంకా సులువు. మిగులు నీరు కంటికి కనిపించని సన్నని రంధ్రాల్లో ఉండి, ఏళ్ల మీద బయటికి వెళుతుంది. వెళుతూ రంధ్రాల గోడలను దగ్గరికి లాగుతుంది. కంకర ముడుచుకోదు, అదే అడ్డుపడి ఆపుతుంది. అందుకే కంకర తగ్గి, నీరూ సిమెంటు ముద్దా ఎక్కువైన కాంక్రీటు ఎక్కువ ముడుచుకుంటుంది. మందం సంగతి మరీ విచిత్రం. మందం పది రెట్లయితే ఎండే కాలం పది రెట్లు కాదు, వంద రెట్లు. పది సెంటీమీటర్ల స్లాబు కొన్నేళ్లలో ఎండిపోతే, మీటరు మందం ఉన్న దిమ్మె అదే మేరకు ఎండడానికి కొన్ని వందల ఏళ్లు పడుతుంది. ఒకే కట్టడంలో పలచని భాగం ముడుచుకోవడం ముగించి కూర్చుంటే, పక్కనే ఉన్న మందపు భాగం ఇంకా మొదలే పెట్టి ఉండదు. ఇద్దరి మధ్య పడే లాగులాటలో బీట పుడుతుంది.

వయసు కూడా ముఖ్యం. కాంక్రీటు కట్టడాలకు మన దేశపు ప్రమాణ గ్రంథమైన ఐ.ఎస్. 456లో ఒక చిన్న పట్టిక ఉంది. ఏడు రోజుల వయసులో బరువు పడితే, టక్కున అణిగినదానికి 2.2 రెట్లు ఆ తర్వాత క్రీప్ వల్ల అదనంగా అణుగుతుంది. 28 రోజులకు పడితే 1.6 రెట్లు, ఏడాదికి పడితే 1.1. సెంట్రింగ్ తొందరగా విప్పేసి, ఆ పచ్చి స్లాబు మీదే ఇటుకల గుట్ట దింపి, ఇసుక పోసి పని సాగించేవారు ఈ పట్టికను ఎప్పుడూ చూసి ఉండరు. అప్పుడు దింపిన గుట్ట తర్వాత తీసేసినా స్లాబు మొదటి స్థితికి రాదు. మా సిలిండర్ల మీద బరువు తీసినప్పుడు టక్కున కొంత, తర్వాత కొన్ని వారాల్లో మరికొంత వెనక్కి వచ్చేది. అణిగినదానిలో చాలా భాగం అలాగే ఉండిపోయేది.

క్రీప్‌ను దుష్టుడిగా చూపించడం నా ఉద్దేశం కాదు. ఎండి ముడుచుకుంటున్న కాంక్రీటును అటూ ఇటూ గోడలో, పిల్లర్లో పట్టి ఉంచినప్పుడు లోపల లాగుడు పుడుతుంది. క్రీప్ ఆ లాగుడును నెమ్మదిగా సడలిస్తుంది. అది లేకపోతే ఇప్పుడు కనిపించే బీటలకు ఎన్నో రెట్లు కనిపించేవి. వంగడానికి కారణమైనదే పగలకుండా కాపాడుతోంది. ఈ ముక్క ఏ ఇంజనీరూ ఇంటి యజమానికి చెప్పగా నేను వినలేదు.

మొదటి కొలత విలువ తెలిసిన మనిషి ఒకాయన ఉన్నారు. ఫ్రాన్స్‌కు చెందిన యూజీన్ ఫ్రెసినే. 1911 ప్రాంతంలో అలియే నది మీద మూడు కమానుల వంతెన కట్టారు. అప్పటి నిబంధనల లెక్కలో కాంక్రీటు స్వభావం కాలంతో మారదు. ఒకసారి బరువు మోస్తే ఎంత అణగాలో అంత అణిగి ఊరుకుంటుంది. ఆయన మాత్రం కట్టి వదిలేయకుండా వంతెనను చూస్తూ వచ్చారు. ఏడాది తిరిగేసరికి కమానుల నడినెత్తులు పది సెంటీమీటర్లకు పైగా దిగాయి, దిగడం ఆగలేదు. నడినెత్తి దగ్గర జాకీలు పెట్టే వీలు ముందే ఉంచుకున్నారు కనుక, నమ్మకమైన నలుగురిని వెంటబెట్టుకుని వెళ్లి మళ్లీ పైకి లేపారు. వంతెన నిలిచింది. రెండో ప్రపంచ యుద్ధంలో ధ్వంసమయ్యేదాకా నిలిచింది.

ఆ దెబ్బ నుంచే ఆయన అసలు పాఠం నేర్చుకున్నారు. ఉక్కు తీగలను లాగి కట్టి కాంక్రీటును ముందే నొక్కి ఉంచాలన్న ఆలోచన అంతకుముందే ఉంది, కానీ చేసినవారందరికీ కొన్నాళ్లకు ఆ బిగింపు మాయమయ్యేది. లెక్క చిన్నదే. మామూలు ఉక్కును చదరపు మిల్లీమీటరుకు 150 న్యూటన్ల బలం దాకా లాగితే అది సాగేది తన పొడవులో పదివేలలో ఏడున్నర వంతులు. కాంక్రీటు ఏళ్ల మీద క్రీప్, ష్రింకేజీ కలిపి కురచ అయ్యేదీ ఇంచుమించు అంతే. తీగ సాగినంతా కాంక్రీటు కురచై మింగేస్తే ఇక బిగింపు ఎక్కడిది? అదే గట్టి ఉక్కును 1000 న్యూటన్ల దాకా లాగితే సాగేది పదివేలలో యాభై. అందులోంచి ఏడో ఎనిమిదో పోయినా నష్టం ఆరో వంతులోపే. 1928లో ఆయన తీసుకున్న పేటెంటు వెనక ఉన్నది ఈ తీసివేతే. అలా ముందే నొక్కి కట్టిన ఈనాటి పొడవాటి కాంక్రీటు వంతెనలన్నీ ఆ తీసివేత మీదే నిలబడి ఉన్నాయి.

కొలతను దాచిపెడితే ఏమవుతుందో చెప్పే కథ కూడా ఉంది. పసిఫిక్ సముద్రంలోని పలావులో కొరోర్, బాబెల్‌దావోబ్ దీవులను కలుపుతూ 1977లో వంతెన కట్టారు. నడిమి స్పాన్, అంటే రెండు ఆధారాల మధ్య దూరం, 241 మీటర్లు. తీగలతో ముందే నొక్కి ఉంచిన కాంక్రీటు పెట్టె దూలాల వంతెనల్లో అప్పటికి ప్రపంచంలో అదే పెద్దది. దాని నడుము ఏటేటా దిగుతూ వచ్చి, పద్దెనిమిదేళ్లకు అనుకున్న గీత కంటే 1.6 మీటర్ల దాకా కిందికి వెళ్లింది. డిజైన్ చేసినవారు ఊహించిన దానికి ఇది చాలా ఎక్కువ. అదనపు తీగలు లాగి మరమ్మతు చేశారు. మరమ్మతు ముగిసిన దాదాపు మూడు నెలలకు, 1996 సెప్టెంబరు 26న, వంతెన కూలింది. ఇద్దరు చనిపోయారు. కూలడంలో మరమ్మతు పాత్ర ఎంత అన్నది వేరే వాదన. నన్ను కలచివేసింది తర్వాత జరిగినది. కోర్టు వ్యవహారాల వల్ల ఆ వంతెన సాంకేతిక వివరాలు 2008 దాకా బయటికి రాలేదు. వచ్చాక బజాంట్ అనే ఆచార్యుడు, ఆయన సహచరులు వాటిని విప్పి చూశారు, వేరే దేశాల్లోని పదుల వంతెనల కొలతలు కూడా పోగుచేశారు. వాటిలో చాలావాటి కుంగుదల గీత ఏళ్లు గడిచినా చదునుగా మారలేదు. నా గ్రాఫు కాగితం మీద గీతలాగే తిన్నగా సాగుతూ ఉంది. ప్రమాణ గ్రంథాల సూత్రాలు అది ఎక్కడో ఆగుతుందని నమ్మాయి. పన్నెండేళ్లు ఆ అంకెలు బీరువాలో ఉండడం వల్ల, ఆ పన్నెండేళ్లలో డిజైన్ చేసినవారు పాత నమ్మకంతోనే చేశారు.

ఇప్పుడు మీ ఫోటోకు వస్తాను. అందులో నాకు కనిపించినంత వరకు గోడ బీట కిటికీ మూల నుంచి ఏటవాలుగా పోతోంది, గోడ అడుగున సన్నని ఖాళీ ఉంది. కింద బీము వంగితే ఇటుక గోడ దానితో పాటు వంగలేదు. కమానులా తనను తానే మోసుకుంటూ అడుగున ఖాళీ వదులుతుంది, మూలల దగ్గర చీలుతుంది. తలుపు చట్రం పక్కకు ఒరిగి తలుపు పట్టేస్తుంది. ఇది క్రీప్ చేసే పని. అయితే క్రీప్ చేసిందన్నంత మాత్రాన కట్టినవారు తప్పించుకోలేరు. అడ్డుగోడలు కట్టాక జరిగే కుంగుదల స్పాన్‌లో 350వ వంతు లేదా 20 మిల్లీమీటర్లు, ఏది తక్కువైతే అంతకు మించకూడదని అదే ఐ.ఎస్. 456 చెబుతుంది. అయిదు మీటర్ల స్పాన్‌కు అది 14 మిల్లీమీటర్లు. పన్నెండు ఉంటే 'సహజం' అనండి. ముప్పై ఉంటే అనకండి. అంకె లేకుండా ఆ మాట అనడం కూడా నాసిరకం పనే.

ఇక్కడ ఒక హెచ్చరిక రాయకపోతే నిద్ర పట్టదు. బీము పిల్లరును కలిసే చోటికి దగ్గరలో ఏటవాలు బీట ఉన్నా, చువ్వల వెంబడే తిన్నగా పోయే బీటలో తుప్పు మరక కనిపించినా, అది నేను పైన చెప్పిన బాపతు కాదు. ఈ ఉత్తరం చూపించి ఎవరైనా ఊరుకోబెడితే వినకండి, ఇంజనీరును పిలవండి. మిగతా బీటల మీద మీరే ఒక పని చేయవచ్చు. బీటకు అడ్డంగా పలచని గాజు ముక్కను రెండు చివర్లా సిమెంటుతో అతికించి, గోడ మీద పెన్సిలుతో తేదీ వేయండి. గాజు పగిలితే బీట ఇంకా కదులుతున్నట్టు. మా ఇంట్లో మెట్ల పక్క గోడకు అలాంటివి రెండు ఉన్నాయి. ఒకటి పద్నాలుగు నెలలకు పగిలింది. రెండోది ఈ ఉదయం కూడా చూశాను, అలాగే ఉంది.

నేను అడిగేది పెద్ద సంస్కరణ కాదు. సెంట్రింగ్ విప్పిన రోజే స్లాబు అడుగున, ప్రతి పెద్ద బీము మధ్యలో, రెండు చివర్లా ఒక్కో ఉక్కు మేకు బిగించి వాటి లెవెల్, అంటే ఏ ఎత్తులో ఉన్నాయో, తీయాలి. ఆ అంకెలతో పాటు కాంక్రీటు పోసిన తేదీ, సెంట్రింగ్ విప్పిన తేదీ, ఆ రోజు వేడి ఒక కాగితం మీద రాసి, తాళంచెవులతో పాటు యజమాని చేతికి ఇవ్వాలి. వంతెన అయితే ఆ కాగితాన్ని అందరూ చూడగలిగే చోట పెట్టాలి. లెవెల్ తీసే పరికరం ప్రతి పని దగ్గరా ఉంటుంది, తీయగలిగిన మనిషీ ఉంటాడు. ఒక పూట పని.

సంపాదకులవారూ, ఆ వార్త రాసిన విలేకరికి నా తరఫున మూడు ప్రశ్నలు అందజేయండి. ఆ స్లాబు సెంట్రింగ్ ఎన్నో రోజున విప్పారు? గోడలు ఎప్పుడు కట్టారు? విప్పిన రోజు నడుమ లెవెల్ ఎంత? కట్టినవారిని అడిగి, జవాబు వస్తే ప్రచురించండి. రాకపోతే రాలేదని, 'నాసిరకం' అన్న మాట వేసినంత పెద్ద అక్షరాల్లోనే ప్రచురించండి.

ఇట్లు,
పదవీ విరమణ చేసిన ప్రయోగశాల సహాయకురాలు